లోయ మీద సంచుల కాపలా

ఆ వేసవి ఆదివారం ఉదయం హెడ్‌క్లర్కుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యనూ కూతుర్నీ కొండ మీది సాహస క్రీడల పార్కుకు తీసుకువెళ్లాలి. వాళ్లు తాళ్లెక్కి దిగుతుంటే తాను కింద బల్ల మీద కూర్చుని సంచులకు కాపలా కాయాలి. ఎత్తంటే ఆయనకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఆ సంగతి కూతురికి తెలియనివ్వకుండా మోకాలి నొప్పి పేరు చెప్పి ఇంతకాలం నెట్టుకొచ్చారు.

కొండగాలి చలికి బావమరిది ఇచ్చిన నారింజ రంగు కోటు తొడుక్కున్నారు. పార్కు సిబ్బంది కోట్లూ అదే రంగని గమనించేలోగానే ఒకావిడ తన చేతిసంచి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, జాగ్రత్తగా చూడమని చెప్పి వెళ్లిపోయింది. ఎవరి పనైనా నెత్తినేసుకోవడమే తప్ప కాదనడం ఆయనకు ఆఫీసులోనూ చేతకాదు. ఆవిడను చూసి మరొకరు, వాళ్లను చూసి ఇంకొకరు వచ్చారు. సామాన్ల గదిలో ఉండాల్సిన మనిషి టీకి వెళ్లి ఎంతకీ రాలేదు. తోపులాట మొదలయ్యేసరికి హెడ్‌క్లర్కుగారు అలవాటు కొద్దీ అందర్నీ వరుసలో రమ్మన్నారు. దాంతో ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే అదీ తీరిపోయింది.

అంతలో ఫోన్ మోగింది. తాడుకు వేలాడుతూ జారే జిప్‌లైన్ మీద ముందుగా వెళ్లి లోయ అవతల దిగిన భార్య.

"ఏమండీ, పిల్ల ఇవతలికి రాదు, మెట్లూ దిగదు. పై మంచె మీద స్తంభం పట్టుకుని బిగుసుకుపోయింది. మీరెళ్లి చూడండి."

కూతురిని అలా వదలలేరు. నమ్మి ఇచ్చిన సంచులనూ వదలలేరు. అన్నీ మెడకు, భుజాలకు, చేతులకు తగిలించుకుని, కింద లోయ ఉందన్న సంగతి మనసులోకి రానివ్వకుండా చెక్కమెట్లు ఎక్కారు.

"మోకాలి నొప్పితో ఇంతదూరం ఎందుకెక్కావు నాన్నా?" అంది కూతురు.

ఆయనకు అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు. "నొప్పి కాదమ్మా. భయం."

పిల్ల స్తంభం వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకూ అంతే. ఇద్దరం కలిసి వెళ్దామా?"

వద్దనడానికి ఆయన నోరు తెరిచారు. అక్కడి పనివాడు కోటు చూసి, మనవాడికి మనం చెప్పేదేముందనుకుని, ఇద్దరికీ పట్టీలు బిగించి ఒక్క తోపు తోశాడు.

కింద క్యూలో ఉన్నవాళ్లు తలెత్తి చూస్తే తమ సంచులన్నీ లోయ దాటి వెళ్లిపోతున్నాయి. అందరూ పార్కు మేనేజరును వెంటబెట్టుకుని వంతెన మీదుగా అవతలికి పరిగెత్తారు.

అవతలి గట్టున హెడ్‌క్లర్కుగారు కళ్లు తెరిచేసరికి కూతురు నవ్వుతోంది, మేనేజరు అరుస్తున్నాడు. "డ్యూటీ వదిలేసి తాడెక్కుతావా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆయన ఆఫీసులోలాగే తలొంచుకుని నిలబడ్డారు. ఈ టై కట్టుకున్న మనిషెవరో భార్యకు తెలియదు. అయినా భర్తను తిడుతున్నాడంటే ఆఫీసులో పై అధికారే అయ్యుంటాడనుకుంది.

"ఈ ఒక్కసారికీ క్షమించండి సార్. భయపడ్డ పిల్ల కోసం ఎక్కారు. డ్యూటీ అంటే ఆయనకు ప్రాణం."

ఈలోగా ఎవరి సంచి వాళ్లు వెతుక్కున్నారు. దేంట్లోనూ దువ్వెన కూడా కదల్లేదు. అందరికంటే ముందు సంచి ఇచ్చినావిడ మేనేజరుకు అడ్డం తిరిగింది. "గాల్లో వేలాడుతూ కూడా సంచి జారనివ్వలేదండీ. ఇలాంటి మనిషిని తీసేస్తారా?" మిగతావాళ్లూ ఆమెతో గొంతు కలిపారు.

మేనేజరు మెత్తబడ్డాడు. భయపడ్డ పిల్లను నవ్విస్తూ లోయ దాటించగలిగిన మనిషి సామాన్ల గదిలో ఉండాల్సినవాడు కాడని, రేపట్నుంచి అన్నిటికంటే ఎత్తయిన మంచె మీద డ్యూటీ వేస్తున్నానని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భార్య దణ్ణం పెట్టింది.

హెడ్‌క్లర్కుగారి సర్వీసు మొత్తంలో పైరవీ లేకుండా వచ్చిన ప్రమోషన్ అదొక్కటే.