వీరభద్రరావు ట్యాపు

శుక్రవారం పొద్దున్నే వీరభద్రరావు బాత్రూంలో బూట్లు వేసుకుని నాట్యం చేద్దామని నిశ్చయించాడు. అరబ్బు దేశంలోని అహ్మదిలో ఇంజనీరుగా ఎంత పెద్దమనిషో, పాత హాలీవుడ్ పాటల సినిమాల దగ్గర అంత చంటిపిల్లాడు. దిగులేసినా, ప్రేమ పుట్టినా, చివరికి టీ చల్లారినా లేచి నాట్యం చేసే ఆ మనుషులు ఎన్నేళ్లకీ పాతబడరని ఆయన వాదన.

సాయంత్రం తెలుగు సంఘం వేడుకలో భార్య ఉమతో కలిసి ట్యాప్ డాన్స్ చేయాలని ఆయన ముచ్చట. ఒక్కరు నవ్వినా స్టేజీ ఎక్కనని ఉమ షరతు పెట్టింది. అందుకే బూట్ల అడుగున సోడా మూతలు అంటించి, బాత్రూం పలకల మీద సాధన మొదలుపెట్టాడు.

కింది ఫ్లాటు రమాదేవి నెత్తిన టకటకలు మోగాయి. ఆవిడ హారిస్‌కి, అంటే బిల్డింగు కాపలా చూసే పెంచల్‌కి ఫోన్ చేసింది. అతను వచ్చి, బాత్రూం తలుపు బయటినుంచే ఆ చప్పుడేమిటని అడిగాడు.

"ట్యాపు పెంచల్, ట్యాపు. మధ్యాహ్నం దాకా ఆగదు," అన్నాడు వీరభద్రరావు, అడుగు తప్పకుండా.

"అట్లయితే మెయిన్ కట్టేస్తా సార్. జారిపడేరు, పదిలం."

ఆ మాట టకటకల్లో కలిసిపోయింది. బిల్డింగంతా నీళ్లు ఆగిపోయాయి. రమాదేవి తలనిండా షాంపూ నురగతో, పై అంతస్తు ఈజిప్టు మాస్టారు ముఖాన సబ్బుతో బయటికొచ్చి, రావుగారి ట్యాపు సంగతి విని ఇక్కడికే వచ్చిపడ్డారు. పానా పట్టుకుని పెంచల్ తలుపు తోశాడు.

లోపల వీరభద్రరావు లుంగీ మీద కోటు, నెత్తిన టోపీతో, నేల తుడిచే వైపరును నడుం దగ్గర పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాడు.

"సుక్క గూడా కారడంల్యా. ట్యాపు యాడుండాది సార్?" అన్నాడు పెంచల్.

వీరభద్రరావు మెల్లగా కాలెత్తి, సోడా మూతలు చూపించాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఖలాస్, ఇక ఉమ రాదని ఆయనకు ఏడుపొక్కటే తక్కువైంది. అంతలో మాస్టారు గడప మీదే చెప్పులు టపటపలాడించాడు. చిన్నప్పుడు కైరోలో వాళ్లమ్మ ఇలాంటి సినిమాలకే తీసుకెళ్లేదట. రమాదేవి తువ్వాలు బిగించి పక్కన చేరింది. పెంచల్ పానాతో బకెట్టు మీద తాళం అందుకున్నాడు.

వంటింట్లోంచి ఉమ వచ్చింది. "నవ్వేవాళ్లంతా ఇక్కడే నవ్వేశారుగా. సాయంత్రానికి ఇంకెవరు మిగిలారు? ఆ వైపరు అవతల పెట్టండి," అని, ఆ చెయ్యి తను పట్టుకుంది.

సాయంత్రం వేదిక మీద నలుగురు నాట్యం చేశారు. మెయిన్ తెరవాలని ఎవరికీ తట్టకపోవడంతో, వాళ్లలో ఇద్దరికి సబ్బు అలాగే ఆరిపోయి ఉంది.