ముఖ్య అతిథి ముందు, గైడు వెనక

ఒక పెద్ద అడవిలో ఒక కొండ ఉండేది. చలికాలం వచ్చిందంటే పొద్దెక్కేదాకా మంచు దాన్ని వదిలేది కాదు. అయితే శిఖరం దాకా ఎక్కగలిగితే మాత్రం కింద మబ్బులు, పైన వెచ్చటి ఎండ. అది చూసినవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోయేవారు. దారిలో ఒకచోట ఊబి, ఒకచోట లోయ ఉన్నాయి కాబట్టి అలా చూసినవాళ్ళు తక్కువే లెండి.

ఆ అడవికి ఒక విహార మండలి కూడా ఉంది. అధ్యక్షులు అడవిదున్న భూపతిగారు, కార్యదర్శి ఎలుగుబంటి జగ్గప్ప, సభ్యుడు కొంగ కూర్మయ్య. ముగ్గురూ ఒకేచోట నిలబడితే తప్ప ఏ తీర్మానమూ చెల్లదని వాళ్ళ నిబంధన. ఏళ్ళ తరబడి ముగ్గురూ ఒకేచోట నిలబడుతూనే ఉన్నారు. అంతకుమించి చేసింది లేదు.

ఒకరోజు సింహంగారు ఆవలించి, "ఇంతకీ మీ మండలి ఏం చేస్తున్నట్టు?" అని అడిగారు. ముగ్గురికీ పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే పట్నం వెళ్ళొచ్చిన గోరింక ఒకటి, అక్కడ చలికాలంలో కొండ నడక పెడతారనీ, జంటలూ స్నేహితులూ కుక్కలూ కలిసి వెళ్తారనీ చెప్పింది. మండలి వెంటనే చాటింపు వేయించింది. "చలికాలపు కొండ నడక! జంటలకు, స్నేహితులకు, కుక్కలకు!"

"మన అడవిలో కుక్కలెక్కడివండీ?" అన్నాడు కూర్మయ్య.

"పట్నంలో ఉన్నాయా లేవా?" అన్నాడు జగ్గప్ప. కూర్మయ్య తలూపేశాడు. పాపం, అతను ఎప్పుడూ అంతే.

ఇక గైడు సంగతి. గుంటనక్క గవర్రాజు ఆ మండలిలో తాత్కాలిక గైడు. తాత్కాలికం అంటే ఎంతకాలం అని మాత్రం అడక్కండి. అతనికి పెళ్ళి కాకముందు నుంచీ తాత్కాలికమే. పర్మినెంటు గైడుకు గుహ ఇస్తారు. తాత్కాలికానికి బొరియే గతి.

"ఏమయ్యా, పెళ్ళిచూపుల్లో గుహ వస్తుందన్నావు," అంది అతని భార్య నూకాలు. "ఈ బొరియలో నీళ్ళు కారి నా నడుము పట్టేసింది. ఈ చలికాలం కూడా ఇక్కడే అయితే నేను మా అమ్మవాళ్ళ అడవికి పోతాను. నువ్వూ నీ తాత్కాలికమూ కలిసి కాపురం చేసుకోండి."

"ఈసారి ఖాయమే! భూపతిగారు స్వయంగా నడకకొస్తున్నారు. ఆయన నోట ఒక్క మంచి మాట వస్తే చాలు. నువ్వు కూడా రా, జంటలకే కదా."

తీసుకెళ్తానని మొగుడు అన్నది అదే మొదటిసారి. నూకాలు కోపం దాచుకోలేదు గానీ, తోక మాత్రం శుభ్రంగా దువ్వుకుంది.

నడక రోజు తెల్లవారింది. కొత్తగా జతకట్టిన నెమళ్ళు వచ్చాయి. అవి ఒకదాన్నొకటి తప్ప ఇంకేమీ చూడటం లేదు. స్నేహితుల కింద ముంగిసల గుంపు వచ్చింది. అవి దేనికైనా నవ్వేస్తాయి, దేనికైనా చప్పట్లు కొట్టేస్తాయి. కొండ కింద ఊరి నుంచి కుక్క ఒకటి వచ్చింది. మెడలో పట్టీ, పట్టీకి తాడు, ఆ తాడు కొస దాని నోట్లోనే ఉంది.

"ఎవరైనా కాస్త పట్టుకుంటారా అండీ?" అంది కుక్క. "పట్టుకునేవాళ్ళు లేకపోతే నాకు కాళ్ళాడవు."

నూకాలు జాలిపడి తాడు కొస నోట కరుచుకుంది. దాంతో ఒక చిక్కొచ్చింది. ఆమె మాట్లాడాలంటే తాడు వదలాలి. వదిలితే కుక్క ఆగిపోతుంది. నూకాలు మాట్లాడకుండా ఉండే మనిషి కాదు.

ముందుగా సన్మానం జరిగింది. అధ్యక్షులే ముఖ్య అతిథి కాబట్టి భూపతిగారికి మోదుగాకుల శాలువా కప్పారు. ప్రకృతిని ప్రేమించాలని ఆయన చాలాసేపు ఉపన్యసించారు. ఆ చాలాసేపూ అందరూ చలికి గడగడ వణికారు. చివరికి జగ్గప్ప నడక మొదలైందని ప్రకటించగానే గవర్రాజు ఉత్సాహంగా ముందుకు దూకాడు.

"ఏయ్, ఎక్కడికి?" అని గద్దించాడు జగ్గప్ప.

"దారి చూపించాలి కదండీ."

"ముఖ్య అతిథి కంటే ముందు నడుస్తావా? బుద్ధుందా నీకు? ముందు అయ్యగారు, తర్వాత నేను, ఆ తర్వాత కూర్మయ్యగారు, జంటలు, స్నేహితులు, కుక్క. అందరి వెనక నువ్వు."

"మరి దారి?"

"వెనక నుంచి చూపించు."

"తప్పు దారి పడితే వెనక నుంచి పిలవొచ్చాండీ?"

"ఛీ, ఛీ! బయల్దేరినవాళ్ళని వెనక నుంచి పిలుస్తారా ఎవరైనా? అపశకునం!"

"పోనీ, ఎక్కడికెళ్తున్నారని అడగొచ్చా?"

"అది ఇంకా పెద్ద అపశకునం," అని జగ్గప్ప వెళ్ళి తన స్థానంలో నిలబడ్డాడు.

వరస కదిలింది. మంచులో భూపతిగారు ఠీవిగా ముందు నడుస్తున్నారు. ఆయన ఆ కొండ ఎన్నడూ ఎక్కలేదు. వెనక్కి తిరిగి చూడటం ఆయన హోదాకు తగదు. నూకాలు తాడు వదిలి, "ఏమయ్యా, నువ్వు గైడువా, తోకవా?" అంది. కుక్క ఆగిపోయింది. గవర్రాజు తలొంచుకుని తాడు తీసి మళ్ళీ ఆమె నోటికందించాడు.

కొంతదూరం పోయాక దారి రెండుగా చీలింది. ఎడమ దారి శిఖరానికి, కుడి దారి ఊబికి. భూపతిగారు కుడి వైపు గిట్ట ఎత్తారు. వెనక నుంచి గవర్రాజు అది చూశాడు. పిలవకూడదు, అడక్కూడదు, ముందుకెళ్ళకూడదు. అయ్యగారు ఊబిలో పడితే ఉద్యోగం కాదు కదా, ప్రాణం కూడా మిగలదు.

అప్పుడు కుక్క మెల్లగా అంది. "ఊళ్ళో మా అయ్యగారు నన్ను తిప్పుతున్నాననుకుంటారు. నాకు మాంసం కొట్టు వైపు వెళ్ళాలనిపిస్తే నేను లాగను. ఆయన ముఖంలోకి చూసి, అబ్బ, నన్ను మాంసం కొట్టుకు తీసుకెళ్తున్న దేవుడు మీరు అన్నట్టు తోకూపుతాను. ఆయన కాళ్ళు వాటంతటవే అటు పోతాయి. మీరు పిలవద్దు, పొగడండి."

"ఇంకా చెయ్యని పనికి పొగడాలా?"

"చేసేశాక పొగిడితే మనకేం లాభం?"

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. నక్క గొంతు, కొండంతా వినిపిస్తుంది. "ఆహా! భూపతిగారు ఎడమ దారి పట్టబోతున్నారు! ఏమి ముందుచూపు! చూసి నేర్చుకోండర్రా!"

ఎత్తిన గిట్ట గాల్లోనే ఆగింది. భూపతిగారు ఒక్క క్షణం ఆలోచించి, పుట్టినప్పటి నుంచీ ఎడమకే వెళ్తున్నంత ధీమాగా ఎడమకు తిరిగారు. జగ్గప్ప, కూర్మయ్య, నెమళ్ళు, ముంగిసలు అందరూ తిరిగారు.

ఇక గవర్రాజుకు పట్టపగ్గాల్లేవు. లోయ అంచు దగ్గర, "ఇక్కడ ఆగి పక్కకు తప్పుకునే తెలివి ఇంకెవరికుందండీ!" అన్నాడు. భూపతిగారు ఆగి తప్పుకున్నారు. నిటారు ఎక్కుడు దగ్గర, "బక్కప్రాణుల కోసం నెమ్మదిగా నడుస్తున్నారు, ఎంత దయ!" అన్నాడు. భూపతిగారు నెమ్మదించారు. ముంగిసలు చప్పట్లు కొట్టాయి.

నూకాలు తాడు వదిలేసింది. "నిన్ను గైడనుకుని చేసుకున్నాను గానీ భజన బృందం అనుకోలేదు. ఒక్కసారి ముందుకెళ్ళి ఇటు రండి అంటే నీ సొమ్మేం పోతుంది?"

"గుహ పోతుంది," అన్నాడు గవర్రాజు.

మొత్తానికి అందరూ శిఖరం చేరారు. మంచు కిందే ఉండిపోయింది. ఎండ వీపుకు తగిలింది. కళ్ళ ముందు తెల్లటి మబ్బులు, వాటి మీద వెలుగు. నెమళ్ళు కూడా మొదటిసారి ఒకదాన్నొకటి చూసుకోవడం మానేసి అటు చూశాయి.

"ఇంత దగ్గర్లో ఇది పెట్టుకుని ఇన్నాళ్ళూ నాకు చూపించలేదేం?" అంది నూకాలు. అందులో కోపం లేదు. ఆమె నడుము నొప్పి సంగతి కూడా మర్చిపోయినట్టుంది. గవర్రాజుకు ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి. గుహ వచ్చేసిందనే అనుకున్నాడు.

భూపతిగారు రాతి మీదకెక్కి గొంతు సవరించుకున్నారు.

"ఈ కొండ నేనెన్నడూ ఎక్కలేదు. అయినా ఎక్కడా తడబడకుండా మిమ్మల్నందర్నీ ఇక్కడికి చేర్చాను. నా ముందు ఎవరైనా నడిచారా? లేదు. నన్నెవరైనా పిలిచారా? లేదు. వెనకెవడో అరుస్తున్నాడు, నిజమే. కానీ వాడు నేను చేసేదే చెప్తున్నాడు. అది చెప్పడానికి ఒక మనిషెందుకు? కాబట్టి గైడు పోస్టు దండగ. రద్దు చేస్తున్నాం."

మండలి ముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు. జగ్గప్ప బలపరిచాడు, కూర్మయ్య తలూపాడు, తీర్మానం చెల్లిపోయింది. ముంగిసలు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాయి.

గవర్రాజు మెల్లగా తల తిప్పి నూకాలు వైపు చూశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"పద," అంది నెమ్మదిగా. "కిందికి దిగాక నేను మా అమ్మవాళ్ళ వైపు తిరిగిపోతాను." గవర్రాజుకు ఏడుపు ముంచుకొచ్చింది. అందరి ముందూ ఏడవలేక దగ్గినట్టు నటించాడు.

దిగేటప్పుడూ అదే వరస. మంచు మళ్ళీ కమ్ముకుంది. ఎలాగోలా పాత అడుగుజాడలు పట్టుకుని చీలిక దాకా వచ్చారు. అక్కడ రాతినేల కావడంతో జాడలు కనబడలేదు. ఇప్పుడు కుడివైపు ఇంటి దారి, ఎడమవైపు ఊబి. భూపతిగారు అక్కడ ఆగిపోయారు. చెవులు వెనక్కి తిప్పారు. ఏమీ వినపడలేదు.

"ఏమిటి, ఎవరూ ఏమీ అనరేం?" అన్నారు విసుగ్గా. "నేనిప్పుడు ఎటు వెళ్ళబోతున్నాను?"

పాపం, గవర్రాజు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. నూకాలు తన తోకతో ఆ నోరు మూసేసింది. "నీ పోస్టు లేదు. అనవసరంగా మాట్లాడకు."

ఈలోగా జగ్గప్ప ముక్కుకు ఎడమవైపు నుంచి తేనె వాసన తగిలింది. పొద్దుట నుంచీ ఖాళీ కడుపు. నక్క చేసిన పని తనకు మాత్రం రాదా? "ఆహా! అయ్యగారు ఎడమకు తిరగబోతున్నారు! ఏమి ముందుచూపు!" అని ఎలుగెత్తాడు.

భూపతిగారు తృప్తిగా ఎడమకు తిరిగారు. నాలుగడుగులు వేశారో లేదో, బుడుంగుమని పొట్ట దాకా దిగబడ్డారు. వెనకే వెళ్ళిన జగ్గప్ప నడుము దాకా దిగబడ్డాడు. కూర్మయ్య మాత్రం ఎప్పటిలాగే కాస్త వెనకబడి గట్టున మిగిలిపోయాడు.

"గైడూ! ఒరేయ్ గైడూ!" అని భూపతిగారు అరిచారు.

"వస్తున్నా అయ్యా!" అని గవర్రాజు పరిగెత్తబోయాడు. నూకాలు అడ్డంగా నిలబడింది.

"గైడెవరూ లేరండీ ఇక్కడ," అంది. "ఇందాకే రద్దు చేశారు కదా."

"మళ్ళీ వేస్తున్నాం!"

"అయ్యా, అలా కుదరదండీ," అన్నాడు జగ్గప్ప బురదలోంచే. ఎంత మునిగినా కార్యదర్శి కార్యదర్శే. "మండలి ముగ్గురూ ఒకేచోట నిలబడితే తప్ప తీర్మానం చెల్లదు."

అందరూ గట్టు మీదున్న కొంగ వైపు చూశారు.

"నా కాళ్ళు చాలా సన్ననివండీ," అన్నాడు కూర్మయ్య.

"దిగవయ్యా బాబూ!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

కూర్మయ్య కళ్ళు మూసుకుని ఊబిలోకి దిగాడు. సమావేశం మొదలైంది.

"గవర్రాజును తాత్కాలిక గైడుగా తిరిగి నియమిస్తూ..." అని జగ్గప్ప అందుకున్నాడు.

"పర్మినెంటు," అంది నూకాలు గట్టు మీద నుంచి.

"సరే, పర్మినెంటు."

"గుహ?"

"గుహ విషయం వచ్చే సమావేశంలో..." అన్నాడు జగ్గప్ప. అతను మాట్లాడుతుండగానే భూపతిగారు ఇంకాస్త కిందికి దిగారు.

"ఇచ్చెయ్యవయ్యా గుహ!"

"నీళ్ళు కారేది కాదు. ఎండ తగిలేది," అంది నూకాలు. కుక్క ఆమె వైపు భక్తిగా చూసింది.

అప్పటిదాకా నూకాలు వెనకే ఉన్న గవర్రాజు అడుగు ముందుకేశాడు. "ఇంకొకటుందయ్యా. ఇక మీదట గైడు ముందు నడుస్తాడు."

"ముఖ్య అతిథి కంటే ముందా?" భూపతిగారి కళ్ళెర్రబడ్డాయి. అంతలో బురద ఆయన మెడ దాకా వచ్చింది. "నడు! నడవవయ్యా మహానుభావా!"

ముగ్గురూ అవునన్నారు. ముంగిసలు చప్పట్లు కొట్టాయి. గవర్రాజు గడ్డి దుబ్బులు గట్టిగా ఉన్నచోట చూసి ఊబిలోకి దిగి, ముందు నడుస్తూ, "ఇటు రండి," అన్నాడు. పొగడ్త ఒక్కటీ కలపకుండా అతను దారి చెప్పడం అదే మొదటిసారి. ముగ్గురూ ఆ దుబ్బులు పట్టుకుని, బురద కారుతూ అతని వెనకే గట్టెక్కారు.

నడక దిగ్విజయంగా జరిగిందని, దారిలో ఊబిని కూడా స్వయంగా పరిశీలించామని భూపతిగారు సింహంగారికి చెప్పుకున్నారు. నూకాలు ఎండ తగిలే గుహలో పక్క పరుచుకుని, అమ్మవాళ్ళనే తన దగ్గరికి పిలిపించుకుంది.

మరుసటి ఏడు నడకకు ముందు కూర్మయ్య భయపడుతూ, "ఆ ఊబిని పూడ్చేస్తే ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. అందరికంటే గట్టిగా వద్దన్నవాడు పర్మినెంటు గైడు గవర్రాజుగారే.

నీతి: పెద్దల్ని సరిగ్గా కొండెక్కిస్తే ఉన్న ఉద్యోగం ఊడుతుంది, పర్మినెంటు కావాలంటే వాళ్ళని ఒకసారి ఊబిలోకి దిగనివ్వాలి.