'శ్రీ' గదిలో ఉమాశంకర్

పన్నెండయ్యేలోగా ఓడ కాగితాలు ప్రింటు తీసి పోర్టుకి పంపాలి. ఉమాశంకర్ ఆ ఉదయం పెట్టుకున్న పని అదొక్కటే. తొంభై నాలుగులో ఆ షిప్పింగ్ ఆఫీసుకి మొదటి కంప్యూటర్ వచ్చింది. కంచరపాలెం నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్లి కోర్సు నేర్చుకొచ్చిన ఉమాశంకర్, చెప్పులు బయట విడిచి, దాని ముందు కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

ఏ పనైనా శ్రీకారంతో మొదలుపెట్టడం అతని అలవాటు. కాగితమైతే పైన రాసేవాడు. దీనికి పైభాగమేదో తెలియక, 'శ్రీ' పేరుతో కొత్త డైరెక్టరీ తెరిచి, భక్తిగా అందులోకి వెళ్లాడు. డైరెక్టరీ అంటే కంప్యూటర్లో ఒక గది. బయటికి రావాలన్న సంగతి మరిచి, అక్కడే కూర్చుని ఫైళ్లు చూపించమన్నాడు. కొత్త గదిలో ఏముంటుంది, నా మొహం!

"సార్! ఏటీ నేదు! అన్నీ పోనాయి!"

మేనేజర్ గుణశేఖర్ పరుగున వచ్చాడు. "నిన్న సాయంత్రం దీన్ని ముట్టుకున్నదెవరు?"

ఉమాశంకర్ కళ్లు టైపిస్టు కుసుమకుమారి వైపు తిరిగాయి. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"నాను టైపు సేసి, ఆపేసి ఎల్లిపోనాను సార్. ఇంకేటీ సెయ్యనేదు."

"రేపట్నుంచి రానక్కర్లేదు!"

ఆమె కళ్లు తుడుచుకుంటూ పాత టైపు మిషను ముందు కూర్చుని కాగితాలన్నీ మళ్లీ కొట్టసాగింది. కంప్యూటర్‌కి వైరస్ పట్టిందని ఎవరో అంటే, అది దిష్టేననుకుని ప్యూను గురువులు మానిటరుకి నిమ్మకాయ కట్టాడు.

ఏమీ తోచక ఉమాశంకర్ వెనక్కి వచ్చే కమాండ్ కొట్టాడు. ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా బారులు తీరాయి. అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. గుట్టు చప్పుడు కాకుండా ఊరుకుందామనుకున్నాడు గాని, వెనక ఆ టైపు మిషను చప్పుడు ఊరుకోనివ్వలేదు.

"సార్, ఫైళ్లెక్కడికీ పోనేదు. నానే ఖాళీ గదిలో కూకుని అరిసాను. ఆవిడ తప్పేటీ నేదు."

గుణశేఖర్ అతని భుజం తట్టాడు. "పోయినవి తెచ్చిందీ కాక, ఆడపిల్ల ఉద్యోగం కోసం తప్పు నీ నెత్తినేసుకుంటున్నావా? సరే, నీ మొహం చూసి ఆ అమ్మాయిని క్షమించాను."

"ఒట్టు సార్! సూడండి." ఉమాశంకర్ ఆ గదిలోకి వెళ్లి ఖాళీ చూపించాడు. బయటికొచ్చి ఫైళ్లు చూపించాడు.

"మాయం చేసి మళ్లీ రప్పిస్తున్నాడయ్యా!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

కుసుమకుమారికి మాత్రం అంతా అర్థమైంది. "బాగుందండి. తప్పు మీది, క్షమించింది నన్ను" అంది మెల్లగా.

కాగితాలు వేళకే పోర్టుకి చేరాయి. సాయంత్రానికి ఉమాశంకర్‌ని కంప్యూటర్ ఇన్‌చార్జిని చేశారు. అతనికి అప్పగించిన మొదటి పని, కుసుమకుమారికి జాగ్రత్త నేర్పడం.