సత్యసంధుడి కామెంటు

మందమర్రి గని కార్మికుల క్వార్టర్లలో ఉండే ఫిట్టర్ అంతయ్య పదకొండేళ్లుగా చర్చిలో ప్రతి ఆదివారం కీర్తన తానొక్కడే పాడేవాడు. హార్మోనియం వాయిస్తూ పాటల బృందాన్ని నడిపే ఇన్నయ్య సార్ ఒక్క మాటైనా చెప్పకుండా ఆ కీర్తనను ఇంటర్ చదివే అలేఖ్యకు ఇచ్చేశాడు. అంతయ్యకు ఒళ్లు మండిపోయింది.

ఎదురుపడి అడిగే ధైర్యం లేక ‘సత్యసంధుడు’ అని దొంగపేరు పెట్టుకుని, గులాబీ పువ్వు బొమ్మ తగిలించి, చర్చి ఫేస్‌బుక్ పేజీలో రాశాడు: “హార్మోనియం ముసలిదైంది. వాయించేటాయన దానికంటే ముసలోడైండు. జర దిగిపోతే అందరి చెవులు బతుకుతయి.”

పొద్దున చిక్కుడుకాయలు తుంచుతూ భార్య స్వరూప దాన్ని పైకి చదివింది.

“పేరు చెప్పుకునే దమ్ములేనోడు ఎవడో రాసిండు. నువ్వేమంటవ్?”

“తప్పే,” అన్నాడు అంతయ్య.

“ఉత్త తప్పేనా? మొన్న ప్రసంగంల ఫాదర్ ఏమన్నడు? మొకం మీద అనలేని మాట ఫోన్ల అనొద్దన్నడు. అవతల గూడ దేవుడు చేసిన మనిషే ఉంటడన్నడు. నీ పేరు మీద జవాబు రాయి. నేను చెప్త.”

ఆమె చెప్పింది, అతను రాశాడు. పిరికోడు. సిగ్గులేనోడు. “నీ బతుకుల ఒక్క పాటన్న సుతిల పాడినవా” అన్నచోట అతని వేలు ఆగింది.

“గిది జర ఎక్కువైతది.”

“ఎవని మీద జాలి నీకు?”

రాయక తప్పలేదు. సాయంత్రానికి తొంభై లైకులు వచ్చాయి. తనను తాను తిట్టుకుంటే ఇంతమంది సంబరపడాలా అని అంతయ్యకు కొత్తగా కోపం వచ్చింది. ఉండబట్టలేక సత్యసంధుడి చేత మళ్లీ రాయించాడు: “అంతయ్య పాట మెచ్చని చెవులు చెవులేనా?”

మర్నాడు స్వరూప అదీ చదివింది.

“నువ్వు గన్ని తిట్లు తిడితే నిన్నే పొగుడుతుండు. మంచోడే పాపం. రాత్రి నీ ఫోన్ చార్జింగ్‌కు పెట్టింది నేనే. సత్యసంధుడు గా ఫోన్లనే కాపురం ఉంటుండు. లే, చెప్పులేసుకో. సార్ రెండు దినాల సంది అన్నం ముడ్తలేడట.”

అంతయ్య పరుగున వెళ్లేసరికి ఇన్నయ్య సార్ రెండోసారి పప్పు వడ్డించుకుంటున్నాడు.

“సార్, ఆ కామెంటు రాసింది నేనే. క్షమించుండ్రి.”

“ఏం కామెంటు? నాకున్నది బటన్ల ఫోన్. సదువు, విందాం.”

అంతయ్య చదివాడు. రెండో వాక్యానికే గొంతు వణికింది.

“ఇగో, గిట్ల వణుకుతదనే నిన్ను ఆపిన,” అన్నాడు సార్. “మొకం మీద చెప్పబుద్ధి కాలే. గది నా తప్పు. ఇంకా ఉన్నదా?”

“ఒక్క ముక్క ఉన్నది సార్.”

“గది గూడ సదువు. జర సుతి పట్టుకొని సదువు.”