పిండిమర ఫ్యాను

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. వాన పడుతోందని చెప్పలేం, ఆగిందనీ చెప్పలేం. మూడు వారాలుగా అదే వరస. వాచీల మేస్త్రి ఇంట్లో మనుషులతో పాటు గోడలకూ చెమట పడుతోంది. వంటింటి గోడ మీది బూజు మచ్చ మొదట అరచేయంత ఉండేది, ఇప్పుడు చేటంత అయింది.

ఆ ఇంటి కిటికీలు తెరిచి పన్నెండేళ్లు. ముందు గదిలో మేస్త్రి పనిబల్ల ఉంది. దాని మీద తెల్లటి పళ్లాల్లో విప్పిన వాచీల చక్రాలు, ఆవగింజలో సగం కూడా లేని మరలు. వీధిలో బండి పోతే లేచే ధూళిలో ఒక్క రేణువు చక్రం పళ్ల మధ్య ఇరుక్కున్నా, ఆ వాచీ రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. అందుకని కిటికీ సందులన్నిటికీ కాగితం పట్టీలు అంటించాడు. అందరూ ఇంటికి ఏటా సున్నం వేయించుకుంటే, ఆయన ఏటా పట్టీలు మారుస్తాడు.

భార్యకు దగ్గు పట్టుకుని నెలయింది. వైద్యుడు ఛాతీకి గొట్టం పెట్టి విన్నాడు. మందు రాయబోయి ఆగి, ఇల్లు ఎలా ఉంటుందని అడిగాడు. ఆమె చెప్పింది. అంతా విని, ఇంట్లోకి గాలైనా రావాలి, గాలి ఉన్న ఇంటికి మనిషైనా పోవాలి అన్నాడు. ఆ మాట చెవిన పడగానే పై ఊళ్లో ఉన్న ఆమె అక్క, వానలు వెళ్లేదాకా తన దగ్గర ఉండమని కబురు పంపింది. ఆమె సంచి సర్దుకుంది.

మేస్త్రి అసలే మాటకు పొదుపు. సంచి చూసిన పూట మాత్రం ఆయన చేతిలోంచి పట్టకారు రెండుసార్లు జారింది. పని నేర్చిన నాటి నుంచీ అది జారడం అదే మొదలు.

"ఈ మధ్యాహ్నం వంటలో ఆవిరి నిలవకుండా పోతే ఉంటాను. లేదంటే పొద్దున బస్సెక్కుతాను," అంది ఆమె. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

ఆ సమయానికే ఆమె తమ్ముడు ఒక ఫ్యాను భుజాన వేసుకుని దిగాడు. అతనిది కరెంటు పని. పిండిమరవాళ్లు ఇంకా పెద్దది కొనుక్కుని పక్కన పడేసిన ఫ్యాను అది. ఇనుప చట్రం, చేటల్లాంటి నాలుగు రెక్కలు, వేగం పెంచడానికి మూడు మెట్ల మీట. వంటింటి వెనక గోడలో పాత వెలుతురు కన్నం ఒకటి ఉంటే, దాన్ని కాస్త తొలిచి అందులో బిగించాడు.

మేస్త్రి ఏ పనికైనా ముందు కాగితం మీద మంచీ చెడూ రాసుకుంటాడు. దానికీ రాసుకున్నాడు. ఎడమ వైపు మేలు: ఆవిరి పోతుంది, బూజు ఎండుతుంది, కిటికీ తెరవక్కర్లేదు. చివరి దాని కింద రెండు గీతలు గీశాడు. కుడి వైపు కీడు: చప్పుడు, కరెంటు. ఇంక ఏమీ తోచలేదు. భార్య భుజం మీదుగా తొంగి చూసింది.

"నా దగ్గు ఏ వైపు రాశారు?"

ఆయన దాన్ని నడిమి గీత మీద రాశాడు.

బావమరిదికి వేరే చోట పనుంది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగాడు. "బావా, ఇది మామూలు ఫ్యాను కాదు. మరలో పిండి ధూళినంతా లాగి పారేసింది. వేసినప్పుడల్లా ముందు గది కిటికీ నాలుగు వేళ్లు పట్టేంత తెరిచిపెట్టు. లోపలికి రానిది బయటికి ఎక్కణ్నుంచి పోతుంది?"

మేస్త్రి తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నానని అర్థం, చేస్తానని కాదు. అది తెలిసింది ఆయన భార్య ఒక్కతికే. ఆమె అప్పుడు వంటింట్లో కూరగాయలు కడుగుతోంది.

బావమరిది వీధి మలుపు తిరిగాక మేస్త్రి తన లెక్కన ఆలోచించాడు. ఫ్యాను గాలిని లాగుతుంది. లాగితే సందు దొరికిన చోటల్లా బయటి ధూళి లోపలికి వస్తుంది. కాబట్టి సందు అనేదే ఉండకూడదు. ఉడికించిన జిగురు, కత్తిరించిన కాగితం, పాత సైకిల్ ట్యూబు ముందేసుకున్నాడు. దీపం ఆర్పి, చీకట్లో ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ పట్టీ వేశాడు. పదకొండు సందులు దొరికాయి. వాన తేమకు ఉబ్బి ముందే బిర్రుగా ఉన్న వీధి తలుపుకు చుట్టూ ట్యూబు ముక్కలు బిగించాడు. తాళం చెవి కన్నంలో మైనం పెట్టాడు. వాచీ వెనక మూత బిగించాక కలిగే తృప్తి ఆయన ముఖంలో కనిపించింది.

ఒక్క కన్నం మిగిలిపోయింది. పూర్వం ఆ ఇల్లూ పక్కిల్లూ ఒకే ఇల్లు. నడిమి గోడలో రెండు వంటిళ్లకూ కలిపి ఒక పొగగొట్టం ఉండేది. పక్కింటి వైపు దాని నోరు పొయ్యికి సరిగ్గా పైన తెరిచే ఉంది. మేస్త్రి వైపు నోరు అటక మీద, పాత బుట్టల వెనక ఉంది. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. చూపుకు ఆననిది కనుక మరిచిపోయాడు.

భార్య పొయ్యి మీద నీళ్లు పెట్టింది. మేస్త్రి మీట మొదటి మెట్టుకు తిప్పాడు. ఫ్యాను గొంతు సవరించుకుని అందుకుంది. గిన్నెలోంచి లేచిన ఆవిరి ఒక్క క్షణం అటూ ఇటూ చూసినట్టు ఆగి, తిన్నగా ఫ్యాను వైపు నడిచి బయటికి పోయింది. గోడకు చుక్క అంటలేదు. పది నిమిషాల పాటు ఆమె దగ్గలేదు. మేస్త్రి ఆ పది నిమిషాలూ చేతి వాచీ చూస్తూ లెక్కపెట్టాడు.

పదకొండో నిమిషాన ఇంట్లో ఉల్లిపాయ వేగిన వాసన వచ్చింది. ఆమె ఇంకా ఉల్లిపాయ తరగనే లేదు.

ఫ్యానుకు బలం చాలడం లేదనుకుని మేస్త్రి మీట రెండో మెట్టుకు తిప్పాడు. వాసన రెట్టింపయింది. దానితో పాటు అటక మీంచి సన్నటి మసి రాలడం మొదలుపెట్టింది. ఆమెకు దగ్గు తెర మళ్లీ వచ్చింది. మేస్త్రి వెళ్లి కాగితంలో కీడు వైపు 'పక్కింటి వాసన' అని రాసి వచ్చి, మీట మూడో మెట్టుకు తిప్పాడు.

గోడకు ఆ వైపున, వీధంతా పిన్ని అని పిలిచే కుట్టుపని ఆమె ఉల్లిపాయలు వేయించుకుంటోంది. ఆమె పొయ్యి మంట గోడ వైపు వాలింది. సరిచేస్తే మళ్లీ వాలింది. కుట్టు మిషను మీది దారం కొసలన్నీ లేచి ఒకే దిక్కుకు తిరిగాయి. చివరికి కత్తిరించిపెట్టిన పలచని జాకెట్టు చేయి ఒకటి బల్ల మీంచి లేచి, వంటింటి గుమ్మం దాటి, పొగగొట్టంలోకి వెళ్లిపోయింది. పిన్ని గోడ మీద కొట్టింది. ఫ్యాను హోరులో అవతల ఎవరికీ వినపడలేదు. ఇది ముఖాముఖి తేల్చుకోవలసిన విషయమని పొయ్యి మీద మూకుడు పొయ్యి మీదే వదిలి వీధిలోకి వచ్చింది.

తలుపు చప్పుడు విని మేస్త్రి గడియ తీసి బయటికి తోశాడు. తలుపు కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. పిడికెడు మనిషి, ఎంతని తోస్తాడు? ఫ్యాను ఇంట్లో గాలంతా తోడేస్తుంటే బయటి గాలి తలుపును గుమ్మానికి అదిమి పట్టిందని ఆయనకు తట్టలేదు. తాళం పట్టేసిందనుకున్నాడు. తాళం అంటే యంత్రం, యంత్రం అంటే తన పని. పిడితో సహా తాళాన్ని ఊడదీసి పనిబల్ల మీదికి తెచ్చి, దీపం దించి, కంటికి భూతద్దం తగిలించుకుని, ముక్కముక్కా విప్పాడు. తొమ్మిది భాగాలు. ఒక్కదానికీ లోపం లేదు. అయినా అలవాటు కొద్దీ అన్నిటికీ నూనె వేశాడు.

అంతసేపూ పిన్ని మూకుడు మాడుతోంది. ఆ పొగంతా గొట్టంలోంచి మేస్త్రి ఇంట్లోకి దిగి, ఫ్యానులోంచి వెనక సందులోకి గుప్పుగుప్పున పోతోంది. లోపల ఇల్లాలు ఎడతెరిపి లేకుండా దగ్గుతోంది. బయట పిన్నికి దగ్గు వినిపించింది, మాడు వాసన తగిలింది, తలుపు తెరుచుకోలేదు. జాకెట్టు చేయి సంగతి మరిచిపోయింది. ఆ ఇంట్లో నిప్పంటుకుందని నిశ్చయించి ఎదురు కొట్టులోని వడ్రంగిని పిలిచింది. అతను వెనక సందులోకి వెళ్లి చూసి, పొగ నిజమేనన్నాడు. నలుగురు బకెట్లతో వచ్చారు.

లోపల భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ముందు ఆ ఫ్యాను ఆపండి."

"ఇంత పొగలోనా? దాని అవసరం ఇప్పుడే కదా," అన్నాడు మేస్త్రి. ఆ నెలలో ఆయన ఆమెతో ఆడిన మాటల్లో అదే పొడవైనది.

వడ్రంగి నిదానస్తుడు. ముందు పిడి కోసం వెతికాడు. పిడి ఉండాల్సిన చోట కన్నం ఉంది. అందులో వేలు పెట్టబోతే లోపలి నుంచి మేస్త్రి దానికీ కాగితం అంటించి ఉన్నాడు. తలుపు బయటికి తెరుచుకునేది కనుక బందులు బయటే ఉన్నాయి. పై బందు మరలు తీశాడు, కింద బందు మరలు తీశాడు. తీసి, పక్కకు జరిగాడు. తలుపు నిలబడే ఉంది.

తాళం లేదు, పిడి లేదు, బందులు లేవు. తలుపు మాత్రం గుమ్మాన్ని పట్టుకుని వదలనంటోంది. ముప్పై ఏళ్లుగా చెక్కతో బతుకుతున్న వడ్రంగి తలుపును ఒకసారి తడిమి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"పిన్నీ, ఇది నా పనితనానికి లొంగే తలుపు కాదు," అన్నాడు మెల్లగా, తలుపుకు వీపు తిప్పి.

అప్పుడే బావమరిది పని ముగించుకుని వచ్చాడు. గుంపును చూశాడు, కిటికీ పట్టీలను చూశాడు, హోరు విన్నాడు. గోడకున్న మీటరు పెట్టె తెరిచి ఫ్యూజు పీకేశాడు.

హోరు ఆగింది. తలుపు ఒక నిట్టూర్పు విడిచినట్టు వదులై, నిదానంగా ముందుకు ఒరిగి వడ్రంగి వీపు మీద వాలింది. అతను బస్తా మోసే మనిషిలా దాన్ని అలాగే వీపున మోసుకుని నాలుగడుగులు వేసి గోడకు ఆనించాడు. నిప్పు ఆర్పడానికి సిద్ధంగా ఉన్న ఒకతను, తలుపు పడగానే గుమ్మంలో కనిపించిన మొదటి మనిషి మీద బకెట్టు కుమ్మరించాడు. ఆ మనిషి మేస్త్రి. నెత్తి మీంచి నీళ్లు కారుతున్నా ఆయన భూతద్దం తీయలేదు.

నిప్పు కోసం ఇల్లంతా వెతికారు. బావమరిది అటకెక్కి బుట్టలు జరిపి, కన్నంలోంచి మసిబారిన జాకెట్టు చేయి లాగాడు. అది చూడగానే పిన్నికి మూకుడు గుర్తొచ్చింది. ఆమె పరుగెత్తి పొయ్యి ఆర్పి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చుంది. ఈ నెలంతా గోడకు అటు నుంచి మీ దగ్గు వింటున్నాను కానీ, మీ ఇంటికి నా పొగ వస్తుందని తెలియదమ్మా అంది. తప్పు పొగది కాదనీ, ఫ్యానుదీ కాదనీ బావమరిది చెప్పాడు. ఆవిరిని, పొగను తోసెయ్యడంలో దానికి సాటి లేదు. తోసేసినంత గాలి మళ్లీ ఎక్కడినుంచో రావాలి. మంచి దారి మూసేస్తే అది చెడ్డ దారిన వస్తుంది.

"అది గాలిని మారుస్తుంది బావా, పుట్టించదు," అన్నాడు.

ఆ మాట మేస్త్రి చెవికెక్కలేదు. తలుపు లేని గుమ్మంలోంచి వీధి గాలి తిన్నగా లోపలికి వచ్చింది. పనిబల్ల మీది కాగితాలు లేచాయి. ఆయన పళ్లాల మీద బోర్లాపడి, రెండు చేతులూ చాచి చక్రాలకు కాపు కాశాడు. అలా ఎంతసేపు ఉంటాడో ఆయనకే తెలియదు. భార్య వంటింట్లోకి వెళ్లి రెండు పెద్ద గాజు గిన్నెలు తెచ్చింది. ఆయన చేయి పక్కకు జరిపి, ఒక్కో పళ్లెం మీదా ఒక్కో గిన్నె బోర్లించింది. గాలి గిన్నెల చుట్టూ తిరిగి పోయింది. లోపల ఒక్క మర కూడా కదల్లేదు.

మేస్త్రి ఒక గిన్నె అంచును వేలితో తట్టి చూశాడు. పన్నెండేళ్ల కాగితం పట్టీలు ఆయన కళ్ల ముందు కదిలి ఉంటాయి.

"ఈ ఉపాయం ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఊపిరి ఆడితే కదండీ బుర్ర ఆడేది," అంది ఆమె.

ఆయన లేచి, భూతద్దం తీసి, ముందు గది కిటికీ దగ్గరికి వెళ్లాడు. పట్టీ కొసను గోటితో లేపి, ఒక్క లాగుతో చివరిదాకా ఊడదీశాడు. రెండో కిటికీకీ అంతే. ఆమె తమ్ముణ్ని పిలిచి, అక్కకు ఫోన్ చేసి రేపు రావడం లేదని చెప్పమంది. ఎందుకని అడుగుతుందేమో అన్నాడు అతను. ఇంట్లో గాలి బాగుందని చెప్పమంది.

పిన్ని వంట మాడిపోయింది కనుక భార్య అందరికీ తమ ఇంట్లోనే వండింది. ఫ్యాను మొదటి మెట్టులో తిరిగింది, కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి ఉంది. మేస్త్రి, భార్య, బావమరిది, పిన్ని, వడ్రంగి ముందు గదిలో కింద వరసగా కూర్చుని తిన్నారు. ఎవరూ దగ్గలేదు. వీధిలో పోతున్నవాళ్లు వాళ్లను చూశారు, వాళ్లు వీధిని చూశారు.

తిన్నాక వడ్రంగి చేయి కడుక్కుని, తలుపు ఉబ్బిపోయింది, ఆరబెట్టి చిత్రిక పట్టాలని చెప్పి తన కొట్టుకు మోసుకుపోయాడు. మళ్లీ ఎప్పుడు తెస్తావని అతన్ని ఎవరూ అడగలేదు.