పొడపత్రి నమిలిన కమిటీ

ఆ ఆదివారం కమలకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి అపార్ట్‌మెంట్ కమిటీవాళ్ళు ముగ్గురినీ మేడ మీదికి పిలవాలి. తలా రెండు పొడపత్రి ఆకులు నమిలించాలి. ఆ తర్వాత తలా ఒక బెల్లంముక్క చేతిలో పెట్టాలి. బెల్లం నోట్లో ఇసకలా తగిలి వాళ్ళు తెల్లమొహాలు వేయగానే, "ఇలాంటి మొక్కనా మీరు తీసేయమంటున్నది?" అని అడగాలి. పదిన్నరకు కింద సెల్లార్లో మీటింగు. పదకొండుకల్లా గెలిచి ఇంటికొచ్చి, కుక్కర్లో పప్పు పడేయాలి.

ఆమె నాచారంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరు. తెనాలి నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో మేడ మీద ఖాళీ పెయింటు బకెట్లన్నీ నేలవేము, నల్లేరు, సరస్వతి ఆకులతో నిండిపోయాయి. ఎవరడిగినా విత్తనం పొట్లం కట్టి ఇచ్చేది, పుచ్చుకున్నవాళ్ళు పండించి మరో ఇద్దరికి ఇవ్వాలన్నదే షరతు. అలా ఇచ్చీ పుచ్చుకుంటూ మల్కాజిగిరి నుంచి అంబర్‌పేట్ దాకా ఆమెకు ఒక పెద్ద బలగమే తయారైంది.

బలగమంతా ఇప్పుడు ఎదురు చూస్తున్నది షుగరుకు మంచిదని పేరున్న పొడపత్రి కోసం. ఆ తీగ కొమ్మలు మూడుసార్లు నాటితే మూడుసార్లూ కుళ్ళిపోయాయి. గింజలేమో చెట్టు దిగిన కొద్ది వారాలకే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి, దాచిపెట్టి ఇద్దామంటే కుదరదు. నాలుగేళ్ళు సాకితే ఈ శీతాకాలమే మొదటిసారి తొమ్మిది కాయలు కాసింది. ఆ గింజల కోసం అరవై ముగ్గురు తమ చిరునామాలు రాసి, స్టాంపులంటించి పంపిన కవర్లు చెప్పులపెట్టెలో సిద్ధంగా ఉన్నాయి. ఇంకో పది రోజులు తీగను ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు.

సరిగ్గా అప్పుడే నోటీసుబోర్డు మీద అజెండా పడింది. ఒకటో ఐటమ్, వార్షికోత్సవానికి స్వీట్ల ఎంపిక. రెండు, లిఫ్టు రిపేరు. మూడు, మేడ మీది కుండీల తొలగింపు. స్లాబు కురుస్తోందని ఫిర్యాదు చేసినవాడు నాలుగో అంతస్తులో ఉండే భూషణం. ఉప్పల్ చౌరస్తాలో స్వీటుషాపు ఆయనది. ఆరేళ్ళుగా వార్షికోత్సవానికి లడ్డూలు పంపేది కూడా ఆయనే.

పదింటికి కమిటీ మెట్లెక్కి వచ్చింది. ముందు ప్రెసిడెంటు కొమురెల్లి. ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు ఫోర్‌మన్‌గా చేసి దిగినవాడు, అజెండాలో లేని మాట ఆయన చెవికెక్కదు. వెనక సెక్రటరీ చిదంబరం, చంకలో మినిట్సు పుస్తకం. చివర ట్రెజరర్ పద్మశ్రీ, హబ్సిగూడలో ఒక కోచింగు సెంటర్లో లెక్కలు చెబుతుంది.

"ఏంది టీచరమ్మా, మీటింగేమో కింద, మమ్ములనేమో మీదికి రమ్మంటిరి?" అన్నాడు కొమురెల్లి, కుండీలనూ నీళ్ళ ట్యాంకునూ ఎగాదిగా చూస్తూ.

"రెండే నిమిషాలు కొమురెల్లిగారూ. ముందు ఈ ఆకులు నమలండి. రసం నాలుకంతా తగలనిచ్చి ఊసేయండి. మిగతాది తర్వాత చెబుతాను."

ముగ్గురూ నమిలారు. చిదంబరం మొహం చిట్లించాడు. పద్మశ్రీ కళ్ళు మూసుకుంది. కమలకుమారి సంతోషంగా పిట్టగోడ మీద పెట్టిన బెల్లంపళ్ళెం వైపు నడిచింది.

"ప్రెసిడెంటుగారూ, లడ్డూలు వేడివేడిగా వచ్చేశాయండీ. చల్లారకముందే రుచి చూడాలి," అని కింద నుంచి భూషణం కేక వేశాడు. ఒకటో ఐటమ్ పిలిచాక కొమురెల్లి నిలబడతాడా, ముగ్గురూ గబగబా దిగిపోయారు.

వాళ్ళను ఆపేదే కమలకుమారి. కానీ అదే క్షణాన ఎండ తగిలే వైపున్న కాయ ఒకటి పొడవునా పగిలింది. లోపలి నుంచి తెల్లటి పట్టుకుచ్చులతో గింజలు ఒక్కొక్కటే లేచి గాలిలోకి తేలాయి. నాలుగేళ్ళ కష్టం కళ్ళ ముందే నాచారం దాటిపోతుంటే ఆమెకు కమిటీ గుర్తుంటుందా? కొంగు పరిచి మేడంతా పరుగెత్తింది. ట్యాంకు ఎక్కింది. బట్టలతీగ మీద ఆరేసిన ఎవరిదో లుంగీ అడ్డం పట్టింది. పదకొండు గింజలు దొరికాయి. మిగిలిన ఎనిమిది కాయలకూ పాత దోమతెర ముక్కలు కట్టి వెనక్కి తిరిగేసరికి పిట్టగోడ మీద మూడు బెల్లంముక్కలూ అలాగే ఉన్నాయి, చీమలు కూడా వచ్చాయి. అప్పుడు ఆమెకు కమిటీ గుర్తొచ్చింది.

ఆమె సెల్లార్లోకి దిగేసరికి భూషణం మొహం కందగడ్డలా ఉంది.

"ఇందులో చక్కెర లేదు భూషణంగారూ," అంటున్నాడు చిదంబరం.

"లేకపోవడమేమిటండీ? పాకం నా కళ్ళ ముందు పట్టారు."

"ఉప్మాను ఉండ జుట్టినట్టున్నది," అన్నాడు కొమురెల్లి.

"ఒక్కమాట చెప్పనివ్వండి," అని కమలకుమారి ముందుకొచ్చింది.

"మీది మూడో ఐటమ్ టీచరమ్మా. ఇప్పుడు ఒకటోది నడుస్తున్నది. జర కూసోండ్రి."

భూషణం షాపుకు ఫోను చేశాడు. చక్కెర డబ్బా ముట్టుకోకుండా లడ్డూలు చుట్టావా అని మాస్టర్ రామస్వామిని నానామాటలూ అన్నాడు. ఇరవై నిమిషాల్లో స్కూటరు మీద రెండో పళ్ళెం వచ్చింది. రామస్వామి రోషంతో రెండింతలు చక్కెర వేసి, పైన పొడి కూడా దట్టంగా చల్లి పంపాడు. భూషణం తనే ముందు ఒకటి కొరికాడు. పళ్ళు జివ్వుమన్నాయి. "ఇప్పుడు తినండి," అన్నాడు.

ముగ్గురూ తిన్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిదంబరం మినిట్సు పుస్తకం తెరిచి "రెండవ పళ్ళెం, తీపి శూన్యం" అని రాసుకున్నాడు.

"నా మీద కక్షా మీకు?" అన్నాడు భూషణం. "ఆరేళ్ళుగా తిన్నారు కదండీ?"

"మా నాలుకల మీదనే అనుమానమా? రాజీనామా ఇమ్మంటే ఇప్పుడే ఇస్తా," అని చిదంబరం కలం మూసేశాడు.

"అది లడ్డూల తప్పు కాదండీ," అంది కమలకుమారి.

"మూడో ఐటమ్," అన్నాడు కొమురెల్లి.

గొడవ చల్లార్చడానికి వాచ్‌మన్ టీ తెచ్చాడు. పద్మశ్రీ ఒక గుక్క తాగి చక్కెర అడిగింది. నాలుగు చెంచాలు వేసుకుంది. మళ్ళీ తాగి గ్లాసు కింద పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సార్, గిది లడ్డుల సంగతి కాదు. నాకే ఏదో అయింది. తీపే తెలుస్తలేదు."

కొమురెల్లి ఆమె గ్లాసు తీసుకుని తాగి, తల పట్టుకున్నాడు. చిదంబరం లేచి గోడవారకు పోయి ఊశాడు. వాచ్‌మన్ చూసింది ఇంతే. లడ్డూలు తిన్న ముగ్గురిలో ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు తల పట్టుకున్నారు, ఒకరు ఊస్తున్నారు. అతను ఇంకెవరినీ అడగలేదు. 108కి ఫోను చేశాడు. ఆ కబురు మెట్లెక్కి నాలుగో అంతస్తు చేరేసరికి, కమిటీ మొత్తం విషం తిని పడిపోయిందని తేలింది. రెండు నిమిషాల్లో సెల్లారు నిండా జనం. పావుగంటకు సైరను మోగిస్తూ అంబులెన్సు గేటులోకి వచ్చేసింది.

దిగిన కుర్ర టెక్నీషియన్ పేరు దయాకర్. ముగ్గురి నాడీ చూశాడు, బీపీ చూశాడు. "అందరిదీ మంచిగనే ఉన్నది. ఏం దిన్నరు?" అని అడిగాడు.

"ఇది అజెండాలో లేదు. అయినా చెబుతాను," అంటూ కమలకుమారి లేచి నిలబడింది. ఆకు సంగతీ, చూపించలేకపోయిన బెల్లం సంగతీ, కాయ పగిలిన సంగతీ అన్నీ చెప్పేసింది. "మీకేమీ కాలేదు. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు, అంతే. తప్పు నాది. ముందే చెప్పాల్సింది."

ముందు తేరుకున్నది భూషణం.

"విన్నారా? కమిటీకి మందు పెట్టింది. నా వ్యాపారం చెడగొట్టడానికే. ఆ కుండీలన్నీ ఈరోజే, ఇప్పుడే కింద పారేయాలి."

జనంలో చాలామంది తలలూపారు. కొమురెల్లి కమలకుమారి వైపు చూడలేదు. చెప్పులపెట్టెలోని అరవై మూడు కవర్లు ఆమె కళ్ళ ముందు మెదిలాయి. వాటి మీద ఒక్కొక్కరి చేతిరాతా ఆమెకు గుర్తే.

"గమ్మతుగున్నదే," అన్నాడు దయాకర్. "నిజంగ గట్లయితదా?" అని ఎవరూ పెట్టకుండానే పళ్ళెంలో నుంచి లడ్డూ తీసుకుని సగం తిన్నాడు. "తీపి మస్తుగున్నది." తర్వాత కమలకుమారిని అడిగి మేడ మీది నుంచి రెండాకులు తెప్పించుకుని నమిలాడు, ఊశాడు. మిగతా సగం నోట్లో వేసుకున్నాడు. మెల్లగా, చాలాసేపు నమిలి భూషణం వైపు తిరిగాడు.

"అన్నా, తీపి పోయింది. గని ఇది డాల్డా గదా?"

"మాటలు జాగ్రత్త. స్వచ్ఛమైన నెయ్యి."

"మా మామగారిది కిరాణా దుకాణం అన్నా. డాల్డా నేను మర్సిపోతనా? సూడున్రి, అంగిట్ల మైనం లెక్క అతుక్కుంటున్నది."

కొమురెల్లి లేచాడు. మొదటి పళ్ళెంలోంచి ఒక లడ్డూ తీసుకుని, ఈసారి తీపి వెతకకుండా తిన్నాడు. చిదంబరం తిన్నాడు. పద్మశ్రీ కళ్ళు తుడుచుకుని తిన్నది. "బూందీ మాడిన నూనెల గోలిచ్చిన్రు సార్. పాత నూనె," అన్నది.

"ఆరేండ్ల సంది నెయ్యి అని జెప్పి దినవెడితివి గదా భూషణం," అన్నాడు కొమురెల్లి. ఆయన గొంతు పెంచలేదు.

అంతవరకూ స్తంభం పక్కన స్టీలు డబ్బాతో కూర్చున్న మల్లవ్వ అప్పుడు లేచింది. వెనక సందులో ఇంట్లోనే సకినాలు, గరిజెలు చేసి అమ్ముకునే మనిషి. పద్మశ్రీ రమ్మంటే పొద్దున్నే వచ్చింది గానీ ఆమె వంతు ఎవరికీ గుర్తు లేదు.

"నాయి గూడ తినుండ్రి బిడ్డా. చేసుకొచ్చినంక వాపసు గొంటవోతె మంచిగుండదు."

అవి మలీద లడ్డూలు. గోధుమరొట్టెలు కాల్చి, దంచి, బెల్లమూ నెయ్యీ కలిపి చుట్టినవి. ముగ్గురి నాలుకలకూ బెల్లం అందలేదు. అందింది కాల్చిన గోధుమ కమ్మదనం, ఆ ఉదయమే కాచిన నెయ్యి, కొంచెం యాలకులు. కొమురెల్లి ఒకటి పూర్తిచేసి రెండోది అందుకున్నాడు.

"తీపి తెలవకుంటనే రెండోది దింటున్న. ఇగ తెలిస్తే ఎట్లుంటదో. రాసుకో చిదంబరం, ఆర్డరు మల్లవ్వకు."

మల్లవ్వ కొంగుతో మొహం తుడుచుకుని డబ్బా మూత పెట్టింది. లిఫ్టు రిపేరు రెండు నిమిషాల్లో తేలిపోయింది. మూడో ఐటమ్ వచ్చింది. కమలకుమారి నిలబడింది. చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయింది.

"కూసోండ్రి టీచరమ్మా. పొద్దున మీదికొచ్చినప్పుడే జూసిన. కుండీలు మెట్ల దిక్కున్నయి. కురుస్తున్నది ట్యాంకు కింద. పైపు జాయింటు పోయింది, ఇరవై ఆరేండ్లు పైపుల నడుమ బతికినోన్ని, నాకు తెలవదా? గీ ఐటమ్ గప్పుడే కొట్టేసిన."

"అప్పుడేనా?" అంది కమలకుమారి. "అంటే ఆకు నమలకముందే?"

"అవ్. మరి ఆకెందుకు పెట్టిన్రో నాకిప్పటికీ సమజ్ కాలేదు."

సెల్లారంతా నవ్వింది. కమలకుమారి కూడా నవ్వింది, ఆపుకోలేక కుర్చీలో కూలబడి నవ్వింది. ఆ రోజు వాళ్ళింట్లో పప్పు మధ్యాహ్నం రెండింటికి ఉడికింది.

పది రోజులకు మిగతా ఎనిమిది కాయలూ దోమతెర సంచుల్లోనే పగిలాయి, ఒక్క గింజ కూడా ఎగిరిపోలేదు. అరవై మూడు కవర్లూ అదే రోజు పోస్టయ్యాయి. "ఇది తీపి రుచిని మాత్రమే ఆపుతుంది. షుగరు మాత్రలు మానేయకండి, వాడేముందు డాక్టరుని అడగండి" అని ప్రతి పొట్లం మీదా ఆమె చేత్తో రాసింది. వార్షికోత్సవం నాడు మల్లవ్వ మలీద అయిపోయాక జనం మేడమెట్ల మీద వరస కట్టారు. మొదటి పొట్లం ప్రెసిడెంటు పుచ్చుకున్నాడు. దయాకర్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి రెండు అడిగాడు. వేసవి రాకముందే అంబర్‌పేట్ నుంచి, మల్కాజిగిరి నుంచి మొలకలొచ్చాయని ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున్నే ఫోను మోగితే కమలకుమారి, "ఎన్ని ఆకులు వేసింది?" అంటూనే ఎత్తేది.

ఆ నెలలోనే ఉప్పల్ చౌరస్తాలోని స్వీటుషాపు గుమ్మానికి కొత్త బోర్డు వేలాడింది: "ఆకులు నమిలి లోపలికి రావద్దు."