ఎర్ర కారుకు తేనె మైనం

ఆదివారం పొద్దున ఆరున్నరకు రామ్‌చందర్ లుంగీ ఎగ్గట్టుకొని వాకిట్లోకి వచ్చేసరికి అతని ముందున్న పని ఒక్కటే. కారు కడగాలి. పదకొండు గంటల బస్సుకు భార్య ప్రమీల అన్న అనిల్‌కుమార్, వదిన ప్రసూన వైరా నుంచి టేకులపల్లికి వస్తారు. మధ్యాహ్నం భోంచేసి తమ కారు తాము తీసుకొని పోతారు. ఆలోగా బండి ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా కనబడాలి.

కారు తెచ్చి మూడు రోజులైంది. దుమ్ముగూడెం అవతల స్నేహితుడి పెళ్లి ఉంటే, ప్రమీలను బస్సుల్లో తిప్పడం ఇష్టం లేక బావమరిదిని అడిగి తెచ్చుకున్నాడు. తాళం చేతిలో పెడుతూ అనిల్‌కుమార్ ఒకటే మాట చెప్పాడు. "ఇది మీ ప్రసూనక్క పేరు మీదున్న బండి, రామ్‌చందరూ. చిన్న గీత పడ్డా ఆమె నిన్నేమనదు. నన్నంటది."

ప్రసూన హైస్కూల్లో లెక్కల టీచరు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. తప్పు చేసిన పిల్లవాడి ముందు కళ్లజోడు తీసి, తుడుచుకొని, మళ్లీ పెట్టుకుంటుందట. అంతటితో వాడు చేసినవీ చేయనివీ అన్నీ ఒప్పుకుంటాడట.

వాన వెనకబట్టిన రోజులు. అడవి దారిలో రెండు వాగులు దాటారు, ఒకచోట కొత్తగా తారు పోస్తుంటే పక్కనుంచి పోనిచ్చారు. ఎర్ర కారు ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టంగా ఉంది.

కారు ఎలా కడగాలో రామ్‌చందర్ రాత్రి ఫోన్లో నాలుగు వీడియోలు చూశాడు. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, ఒక బకెట్లో మంచినీళ్లు. పైనుంచి కిందికి రావాలి. గుండ్రంగా రుద్దకూడదు. మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు కనుక చెప్పిన పద్ధతి తప్పకుండా చేయడం అతనికి అలవాటే.

"రెండు బకెట్లు నువ్వే తీస్కపోతే నేను స్నానం ఎట్ల చెయ్యాలె?" అంది ప్రమీల గుమ్మంలో నిలబడి.

"గంట ఓపిక పట్టు. మీ వదిన చూసి మెచ్చుకోవాలె."

"మా వదిన మెచ్చుకోదు. తప్పులేకుంటే ఊకుంటది, అంతే."

ఎనిమిది గంటలకల్లా కారు ఎర్రగా బయటపడింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ తలుపుల కింది అంచున నల్లగా తారు చుక్కలు మిగిలాయి. షాంపూకు పోలేదు, గోరుతో గీకితే పోలేదు.

పక్కింటి ప్రహరీ మీదినుంచి భద్రయ్య చూస్తున్నాడు. పాల్వంచ థర్మల్ స్టేషన్లో ముప్పై ఏళ్లు టర్బైన్ పక్కన పనిచేసి రిటైరైన మనిషి. యంత్రాల గురించి అన్నీ తెలుసు, ఆ యంత్రాల హోరు వల్ల చెవులు మాత్రం సగమే పనిచేస్తాయి. "గేటుకు రంగేసినప్పటి థిన్నర్ ఉన్నది మా ఇంట్ల. తెమ్మంటవా?" అన్నాడు.

థిన్నర్ వచ్చింది. గుడ్డకు అద్ది తుడిస్తే తారు వెన్నలా కరిగిపోయింది. రామ్‌చందర్‌కు హుషారు వచ్చింది. ముందు తలుపు అయిపోయి, ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. కింది అంచు నుంచి పైదాకా గుడ్డ ఒక్క లాగు లాగాడు. తర్వాత గుడ్డ వైపు చూశాడు.

గుడ్డ ఎర్రగా ఉంది. తలుపు మీద జానెడు పొడవున తెల్లని గీత ఉంది.

గీతను వేలితో తడిమాడు. లోపలి రేకు వేలికి తగిలింది. బావమరిది కారు చర్మం ఒలిచేశానని అర్థమైంది. గుడ్డను గబగబా మడిచి కుండీ వెనక దాచాడు.

"కాకా! థిన్నర్ రంగు గూడ తీస్తదని చెప్పలేదేంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏందీ?"

"రంగు! రంగు లేచిపోయింది!"

"గట్టిగ చెప్పు, బిడ్డా."

గట్టిగా చెబితే లోపల ప్రమీల వింటుంది. రామ్‌చందర్ చేత్తో గీత చూపించాడు. భద్రయ్య గోడ దిగి వచ్చి, వంగి చూసి, తల పంకించాడు. "మైనం పెట్టు. గీతల నిండిపోతది, కనపడనే కనపడది. పెద్ద పెద్ద షోరూములల్ల గూడ గదే చేస్తరు."

ఊళ్లో కారు పాలిష్ అమ్మే కొట్టు ఒక్కటే, ఆదివారం దానికి సెలవు. సరిగ్గా అప్పుడే వీధి చివర నాగక్క గొంతు వినిపించింది. అడవి పల్లె నుంచి వారం వారం వచ్చి తేనె, కుంకుడుకాయలు, అప్పుడప్పుడు మైనం అమ్ముకునే మనిషి. ఆమె గంపలో ముద్ద మైనం కనబడగానే రామ్‌చందర్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"తేనెపట్టు పిండిన మైనం, సారూ. తేనె ఇంక ఉన్నది దాంట్ల. వేడి నీళ్లల్ల వేసి దేవి, సల్లార్చి వాడు. గట్లనే వాడకు" అంది నాగక్క.

"అవ్, అవ్" అన్నాడు రామ్‌చందర్. అతని చూపు లోపలి గోడ గడియారం మీద ఉంది. తొమ్మిది దాటింది. దేవడానికీ చల్లార్చడానికీ వ్యవధి లేదు.

ప్రమీల స్నానానికి వెళ్లిన సందు చూసుకొని ఆమె ఉప్మా మూకుడులో మైనం వేశాడు. కొబ్బరినూనె కలిపి కరిగించాడు. కరిగాక అది పసుపుపచ్చగా ఉందే తప్ప ఎర్రగా లేదు. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి సగం ఒంపాడు. రంగు దాదాపు కుదిరింది. ఆ తొందరలో మూకుడు అంచు పట్టుకొని రెండు వేళ్లు కాల్చుకున్నాడు.

గీతలో పూస్తే నిజంగానే మాయమైంది. రామ్‌చందర్ రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. గీత లేదు కానీ, తలుపు మీద ఆ జానెడు చోటు మాత్రమే నిగనిగలాడుతోంది. సరే అని తలుపంతా పూశాడు. ఇప్పుడు ఆ తలుపు ఒక రంగు, ముందు తలుపు ఒక రంగు. దానికీ పూశాడు. ఎడమ పక్క పూర్తయ్యాక కుడి పక్క ఎవరిదో వేరే కారులా అనిపించింది. పావుతక్కువ పదికి బానెట్ మీదికి వచ్చాడు. మూకుడు అడుగంటుతుండగా ఎండ వాకిట్లోకి వచ్చింది.

వీడియోలో పూసిన మైనం ఆరాక మెత్తటి గుడ్డతో తుడిస్తే అద్దంలా మెరిసింది. ఇక్కడ గుడ్డ అతుక్కుపోయింది. లాగితే దారాలు మిగిలాయి. కారు బెల్లం పాకంలో ముంచి తీసినట్టు ఉంది. అది చాలదన్నట్టు బానెట్ మీద ఒక తేనెటీగ వాలింది. దాని వెనక ఇంకో రెండు. పది నిమిషాల్లో లెక్కపెట్టడం రామ్‌చందర్ మానేశాడు.

"పొగ పెట్టాలె" అన్నాడు భద్రయ్య. అని ఊరుకోలేదు, పాత తట్టలో కొబ్బరి పీచు వేసి అంటించి తెచ్చి కారు పక్కన పెట్టాడు. పొగ దట్టంగా లేచింది. ఈగలు ఒక్కసారి పైకి లేచి, కాసేపు తిరిగి, పొగ లేని పక్కన వాలాయి.

వీధిలో పోతున్న మంగమ్మ ఆగింది. కారుకు కుంకుమ, చుట్టూ పొగ, లుంగీలో మగమనిషి. "ప్రమీలా! కొత్త కారు కొన్నరా? పూజకు పిలవనే లేదు!" అని కేకేసింది. తలస్నానం చేసి, జుట్టు ఆరాక బయటికొచ్చిన ప్రమీల కారు వైపు చూసింది, భర్త వైపు చూసింది, తన మూకుడు వైపు చూసింది.

"ఏందిది?"

"మెరుపు కోసం" అన్నాడు రామ్‌చందర్.

ఆ సమయంలోనే గోడ మీదున్న అతని ఫోన్ మోగింది. రామ్‌చందర్ చేతులు రెండూ మైనమే. భద్రయ్య ఎత్తాడు. అవతల అనిల్‌కుమార్.

"ఇల్లెందులో దిగినం, గంటలో వస్తం. కారు బాగుంది కదా?"

"కారా? పొగల ఉన్నది" అన్నాడు భద్రయ్య ఫోన్లో అరుస్తూ. "దగ్గరికి పోయేటట్టు లేదు."

"పొగనా? రామ్‌చందర్ ఏడి?"

"ఈడనే ఉన్నడు. చేతులు గింత కాలినయ్. ప్రాణానికి ఏం లేదు."

అవతలివాళ్లు ఇంకా ఏదో అంటున్నారు కానీ భద్రయ్యకు వినబడలేదు. "సరే, సరే, నిమ్మళంగ రాండ్రి" అని పెట్టేశాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

అరగంటయినా ఈగలు పోలేదు. వీధి చివరి దాకా పోయి తిరిగొస్తున్న నాగక్క గేటు దగ్గర ఆగి, గంప దించి, నవ్వు ఆపుకుంది. "సెప్తే ఇనలె గద, సారూ. తేనె వాసనకొచ్చినయ్. పొగ తీసెయ్యి, వాటికి కోపమొస్తది. ఆ మూకుడు తీసి దూరంగ పెడితే అన్నీ అటే పోతయి."

ఆమె మాట పూర్తయ్యేలోగా ఒక ఆటో దూసుకొచ్చి గేటు ముందు ఆగింది. అందులోంచి అనిల్‌కుమార్ దూకాడు. బస్సు కోసం ఆగకుండా ఇల్లెందు నుంచి ఆటో మాట్లాడుకొని వచ్చాడు. వీధి మలుపులో ఇల్లు కడుతున్న మేస్త్రీని బతిమాలి రెండు సంచుల ఇసుక కూడా వేసుకొచ్చాడు. పొగ చూశాడు. ఇంకేమీ చూడలేదు. "జరుగుండ్రి!" అని అరిచి మొదటి సంచి బానెట్ మీద గుమ్మరించాడు.

"బావా, ఆగు!" అన్నాడు రామ్‌చందర్. రెండో సంచి కూడా అయిపోయింది.

ఇసుక మొత్తం మైనానికి అతుక్కుంది. ఈగలు మొత్తం పైకి లేచాయి. తర్వాత ఏం జరిగిందో ఎవరూ వరుసగా చెప్పలేరు. అందరూ ఇంట్లో పడి తలుపేసుకున్నాక చూసుకుంటే, అనిల్‌కుమార్‌ను చెవి మీద ఒకటి, మెడ మీద ఒకటి కుట్టాయి. భద్రయ్య తన ఇంటికి బదులు వీళ్లింటికి వచ్చాడు. ఆటోలోంచి తీరిగ్గా దిగిన ప్రసూనను మాత్రం ఒక్కటీ కుట్టలేదు.

కిటికీలోంచి చూస్తే బయట నాగక్క ఒక్కతే ఉంది. పొగ తట్టలో నీళ్లు చల్లి, మూకుడు రెండు చేతులా పట్టుకొని, నిదానంగా పెరటి వైపు నడిచింది. ఈగలు ఒక్కొక్కటిగా ఆమె వెనకే వెళ్లాయి. పావుగంటకు వాకిలి ఖాళీ.

"గోరెచ్చని నీళ్లు పోయుండ్రి. రుద్దకుండ్రి. అదే జారుతది" అంది ఆమె తిరిగొచ్చి.

అందరూ కలిసి చెంబులతో పోశారు. మైనం మెత్తబడి, ఇసుకను పట్టుకొని పొరలు పొరలుగా జారింది. మైనం అంత మందంగా ఉండబట్టి ఇసుక రేణువు ఒక్కటీ కారు రంగుకు తగల్లేదు. బానెట్ బయటపడింది, ముందు తలుపు బయటపడింది. ఎడమ వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి రామ్‌చందర్ చెంబు కింద పెట్టాడు.

"బావా, అక్కా, ఒక మాట చెప్పాలె" అన్నాడు. "ఆ తలుపు మీద గీత నా వల్లనే పడ్డది. థిన్నర్ పెట్టి రంగు తీసేసిన. అది కనబడొద్దనే ఈ తిప్పలన్నీ. బాగు చేయించి ఇస్త."

అనిల్‌కుమార్ గీత వైపు చూశాడు. వాచిన చెవి మీద చేయి పెట్టుకొని, ఎవరూ ఎన్నడూ ఎరగని మెత్తదనంతో అన్నాడు. "పోనీలే రామ్‌చందరూ. మనిషికంటే బండి ఎక్కువనా? నువ్వు క్షేమంగా ఉన్నవ్, గంతే చాలు. ఇంక ఆ సంగతి ఎత్తకు."

రామ్‌చందర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ పిసినారి అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

ప్రసూన గీత దగ్గర వంగి చూసింది. "ఏ గుడ్డతో తుడిచినవ్, తమ్ముడూ?" అని అడిగింది. కుండీ వెనక నుంచి గుడ్డ వచ్చింది. ఆమె దాన్ని ఎండలోకి పట్టుకొని అటూ ఇటూ తిప్పింది. ఎరుపులో సన్నని తళుకులు మెరిశాయి.

"మన కారు రంగులో తళుకులు లేవు" అంది ప్రసూన. "ఇది గోళ్ల రంగు. మా అక్క కూతురు పెళ్లికి నేను కొనుక్కున్న సీసా. ఆగస్టు నుంచి కనబడట్లేదు."

ప్రసూన కళ్లజోడు తీసింది. కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"మన గేటుకే తగిలింది" అన్నాడు అనిల్‌కుమార్. "రివర్స్ తీస్తుంటే. ఒక్కసారే. గీత కనబడొద్దని అది పూసిన. నీకు చెప్దామనే అనుకున్నా." ఎవరూ అడగకుండానే, "ముందు బంపర్ కూడా నేనే" అన్నాడు.

రామ్‌చందర్ మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి మోస్తున్న బరువు దిగిపోతుంటే ఒళ్లు తేలికైంది. కాలిన వేళ్లు మండుతున్నాయని అప్పుడే తెలిసింది. ప్రమీల వాటికి తేనె రాస్తూ, "నాకు చెప్పరాదా, పొద్దున్నే?" అంది. కోప్పడినట్టు లేదు.

ప్రసూన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "బాగా కడిగినవ్, తమ్ముడూ" అంది. ప్రమీల ఆశ్చర్యంగా వదిన మొహం చూసింది. ప్రసూన తాళం తీసుకొని, "మూకుడు పోయింది కదా, వంట దేంట్లో చేస్తవ్? పదండి, కిన్నెరసాని డ్యాం దగ్గరికి పోదాం, అక్కడే తిందాం. నాగక్కా, నువ్వూ ఎక్కు, మీ ఊరు దారిలోనే కదా" అంది. గంప డిక్కీలో పెట్టారు. భద్రయ్యకు ఎవరూ చెప్పకపోయినా ముందు సీట్లో కూర్చున్నాడు.

కారులో ఇక చోటు లేదు. అనిల్‌కుమార్ వాకిలి ఊడ్చి, ఇసుకను మళ్లీ సంచుల్లోకి ఎత్తి, వీధి మలుపు దాకా మోసుకుపోయాడు.

మేస్త్రీ ఆ ఇసుకను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, దీంతో కట్టిన గోడకు ఈగలే కాపురం వస్తాయని వెనక్కి పంపించాడు.